మూడో అధ్యాయం పదిహేడో వరుస

సీతమ్మధార, విశాఖపట్నం
2025 జూన్ 9

అన్నయ్యా,

నువ్వైతే "ప్రభువు నామంలో వందనాలు" అని మొదలుపెడతావు. నేను పెట్టను. నలభై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఇంకా నన్ను మార్చాలని చూడకు. వదినకు మాత్రం నా వందనాలు చెప్పు. ఆవిడతో నాకు సిద్ధాంత వైరం లేదు.

చేతిలో ఫోను ఉండగా ఈ కాగితమేమిటి అనుకుంటున్నావు కదా. ఆ ఫోనులో మా ఆఫీసువాళ్ల యాప్ ఒకటి ఉంది. నా మెయిళ్లూ చాట్లూ ఏజెంట్లు చదువుతాయి, చదివి సారాంశం తీసి మా మేనేజరు దేవీప్రసాద్‌కి పంపుతాయి. పోయిన నెల పక్క సీటు మధులతకు "తలనొప్పిగా ఉంది" అని రాశాను. సాయంత్రానికల్లా నా పేరు పక్కన "ఉత్సాహం తక్కువ" అని పడింది. నా తలనొప్పి మీద యంత్రం అభిప్రాయం! అందుకని ఇకనుంచి నీకూ నాకూ మధ్య స్పీడ్ పోస్టే. పారాదీప్‌కి నాలుగైదు రోజులు పడుతుందట. పడనీ, మన కోపాలు ఐదు రోజుల్లో చల్లారేవి కావు.

ఏజెంట్లంటే పాలసీలు అమ్మేవాళ్లు కాదులే, కంగారుపడకు. మనిషి చెబితే ప్రోగ్రాము రాసిపెట్టే యంత్రబుద్ధులు. అవి రాసినదాన్ని మనుషులు వరుస వరుసా చూసి, తప్పున్న చోట పక్కన ఒక కామెంటు పెట్టాలి. ఏజెంటు ఆ కామెంటు చదివి, సరిచేసి, జవాబు చెప్పాలి. అలా కామెంట్లు పెట్టుకోవడానికి మా మధురవాడ ఆఫీసులో ఒక టూల్ తయారుచేశారు. ఇప్పుడు దాని మాన్యువల్ రాయడం నా పని. ఇందులో తమాషా ఏమిటంటే, ఆ మాన్యువల్ చదివేది మనుషులు కాదు. "డాక్యుమెంటేషన్ ఎవరు చదువుతారు మేడమ్, ఏజెంట్లు చదువుకుంటాయి. షార్ట్‌గా కొట్టేయండి" అని దేవీప్రసాద్ సెలవిచ్చాడు. ముప్ఫై ఏళ్ల కిందట కరపత్రాలు రాసినప్పుడు, ఇది చదివి ఒక్కడైనా కదిలితే చాలనుకునేదాన్ని. ఇప్పుడు నేనేం రాస్తే అది అక్షరం తప్పకుండా పాటించే పాఠకులు వెయ్యిమంది దొరికారు. ఒక్కరికీ జీతం లేదు, ఒక్కరికీ సంఘం లేదు. యజమాని కలగన్న పాఠకులు.

మధులత గురించి నీకు చెప్పలేదు కదూ. తగరపువలస పిల్ల, ఇరవై ఆరేళ్లు. కోడ్ చూసి కామెంట్లు రాయడం దాని ఉద్యోగం. ఒక్క వరుస వదలదు. "ఇది ఇంట్లో కూరకీ కామెంట్లు పెడద్దేటి?" అని ఆఫీసంతా నవ్వుతారు. నాకు మాత్రం దానిలో పాతికేళ్ల నేనే కనిపిస్తాను.

నీతో ఒక పని పడింది. మూడో అధ్యాయంలో, పెట్టిన కామెంటును ఎప్పుడు మూయాలో రాయాలి. అంటే "ఈ సంగతి తేలిపోయింది" అని గుర్తు పెట్టడం ఎప్పుడన్నది. నువ్వు రోలింగ్ మిల్లులో ఉన్నప్పుడు కరెంటు ఆపి, స్విచ్చి మీద ఎర్ర చీటీ తగిలించేవాడివి కదా. ఆ చీటీ తీసే పద్ధతి ఏమిటో ఒక్క వాక్యంలో రాసి పంపు. కార్మికుడు రక్తం ధారపోసి కనిపెట్టిన నియమం ఈ గాజు భవనంలోకి నా చేతులమీదుగా రావాలని నా కోరిక.

నీ చెల్లెలు,
కృపావతి

*

పారాదీప్
జూన్ 16

కృపకు ప్రభువు నామంలో వందనాలు. చదవకపోతే మానెయ్.

ఉత్తరం అందింది. మీ వదిన రెండుసార్లు చదివించుకుని "మీ సెల్లికి ఆ ఆపీసు ఒద్దని సెప్పండి" అంది. నేను చెప్పను. చెబితే నువ్వు ఇంకో పదేళ్లు అందులోనే ఉంటావు.

ఇక్కడ జెట్టీ మీద బొగ్గు మోసే బెల్టులకు కరెంటు పని చూస్తున్నాను. వాన మొదలైంది. మన దగ్గర దొరికే చేపలే ఇక్కడా దొరుకుతాయి గానీ వీళ్లు అన్నింట్లోనూ ఆవ నూరి పోస్తారు. మీ వదినకు అలవాటైంది, నాకు కాలేదు.

చీటీ సంగతి అడిగావు. నాకెందుకు అర్థం కాదనుకున్నావు? ఇరవై రెండేళ్ల తర్వాత నా వేళ్ల గొడవ మళ్లీ తవ్వాలని చూస్తున్నావు. మాన్యువల్ అనేది సాకు. నా పేరు, నా చెయ్యి ఎక్కడా రాయడానికి వీల్లేదు. నా పిల్లలు ఇద్దరూ ఆ కథ వినకుండానే పెరిగారు.

ఒక్క వాక్యం అడిగావు, ఒక్కటే ఇస్తున్నాను. పని పూర్తి చేసినవాడే చీటీ తీయాలి. అంతే. ఇంకేమీ అడగకు.

దయానందం

*

సీతమ్మధార
ఆగస్టు 19

అన్నయ్యా,

నీ వేళ్లు నేను తవ్వడం లేదని జూన్‌లోనే రాద్దామనుకున్నాను. నువ్వు తలుపు మూసేశాక తట్టడం నాకు చేతకాక ఊరుకున్నాను. నీ పేరు రాయలేదు. వాక్యం మాత్రం పెట్టాను. అది అలా ఉంచు.

ఈ ఉత్తరం కోపంతో రాస్తున్నాను.

పోర్టు రోడ్డులో ఒక ప్రైవేటు కంటైనర్ యార్డు ఉంది. అక్కడి క్రేన్లకు ఏ పెట్టె ఎప్పుడు ఎత్తాలో చెప్పే ప్రోగ్రాము మా ఏజెంట్లే రాశాయి. ట్రైలర్ మీద పెట్టె కదలకుండా నాలుగు మూలలా లాకులు వేస్తారు. అవి తీశాకే క్రేన్ ఎత్తాలి. జూలైలో ఏజెంటు ఆ వరుసల్లో ఏదో మార్చింది. మధులత చూసి పట్టుకుంది. కామెంటు పెట్టింది: "లాకులు తీశారో లేదో చూడకుండా ఎత్తమంటోంది. ఇది ఆపండి." తేదీ, వేళతో సహా ఉంది. తర్వాత ఎవరో ఆ కామెంటును మూసేశారు. మార్పు యార్డుకు వెళ్లిపోయింది.

ఆగస్టు 8న, పట్టపగలు పదకొండు గంటలకు, క్రేన్ పెట్టెతోపాటు ట్రైలర్‌నూ, క్యాబిన్‌లో ఉన్న డ్రైవర్ సూరన్ననూ గాల్లోకి ఎత్తి కిందికి వదిలింది. తుంటి విరిగింది. ఆస్పత్రికి వెళ్లి చూశాను. "నాను లోపలే ఉన్నానమ్మా. పెట్టి ఒక్కటే లేస్తాదనుకున్నాను, బండీ లేసిపోయింది. దిగిపోరా అని సెప్పీవోడే లేడు" అన్నాడు. చెప్పినవాళ్లు ఉన్నారు సూరన్నా, చెప్పినదాన్ని మూసేశారు అని అనలేకపోయాను. వాళ్లావిడ పక్కన నిలబడి ఉంది.

పదో తారీఖున దేవీప్రసాద్ రిపోర్టు రాశాడు. మొత్తం నాలుగే వాక్యాలు. "కామెంటు రాసిన ఉద్యోగిని, సమస్య తీరిందో లేదో చూడకుండా, తానే దాన్ని మూసివేసింది." మధులతను ఆ సాయంత్రమే పంపేశారు. లిఫ్టు దగ్గర నన్ను పట్టుకుని, "నాను ముయ్యలేదు మేడమ్. ఒట్టు. నాను ముయ్యనేలేదు" అంది. మూడుసార్లు అంది. సెక్యూరిటీవాడు మెళ్లో ట్యాగు తీసుకుంటుంటే కూడా అదే అంటూ ఉంది. ఇప్పుడు ఏ ఆఫీసుకు వెళ్లినా ఆ నాలుగు వాక్యాలే దానికంటే ముందు వెళుతున్నాయి.

ఈ దేశంలో తప్పు ఎప్పుడూ కిందికే జారుతుంది అన్నయ్యా, వాన నీరులాగా. పైనున్నవాడి కప్పు కింద ఒక్క చుక్క పడదు. నేను పాతికేళ్లుగా వ్యాసాలు రాసి రాసి విసిగిపోయాను. ఈసారి వ్యాసం రాయను. పగ తీర్చుకుంటాను.

ఎలాగో చెబుతాను విను. సెప్టెంబరు 12న ద్వారకా నగర్‌లో ఒక హోటల్లో టూల్ కొనేవాళ్ల ముందు దేవీప్రసాద్ ప్రదర్శన ఇస్తాడు. ఆ ఏజెంట్లు నా మాన్యువల్ ఏం చెబితే అది చేస్తాయి. అందులో ఒక వరుస దూరుస్తాను. దేవీప్రసాద్ ఏ పేజీ తెరిచినా, ప్రతి వరుస పక్కనా ఏజెంట్లు ఒకే కామెంటు పెడతాయి: "ఇది ఆపమని మధులత చెప్పింది." వంద వరుసలుంటే వందసార్లు. పెద్ద తెర మీద, అందరి ముందూ. వాడికి చెమటలు పడుతుంటే చివరి వరుసలో కూర్చుని టీ తాగుతాను.

వద్దని రాయకు. రాసినా వినను.

కృపావతి

*

పారాదీప్
ఆగస్టు 26

కృపకు వందనాలు.

వద్దని ఎవరు రాస్తారు? చెయ్. వదలకు.

నీ ఉత్తరం డ్యూటీలో చదివాను. చదివి ప్యానెల్ రూములో స్టూలు మీద కూర్చుండిపోయాను. "ఏటి బావా, ఇంటికాడ ఏటైనా అయిందా?" అని సింహాద్రి అడిగాడు. మన శ్రీకాకుళం వైపు మనిషే, నాతోపాటు ఇక్కడ చేస్తాడు. "మా సెల్లి ఒకడిని కొడతందిరా" అన్నాను. "మంచిదే కదేటి" అన్నాడు.

నా కోసం ఇది చేస్తున్నావని నాకు తెలుసు. నువ్వు కాదంటావు. ఆ పిల్ల పేరు చెప్పి నా చెయ్యికి లెక్క తేలుస్తున్నావు. ఇన్నేళ్లూ నేను నోరు మూసుకున్నది భయంతోనే, మంచితనంతో కాదు. ఆ రోజు మిల్లులో నేను లోపల తీగ పట్టుకుని ఉండగా నా చీటీని ఇంకొకడు పీకి స్విచ్చి వేశాడు. ఇంజనీరు వేయమన్నాడు. రిపోర్టులో మాత్రం "దయానందం తానే చీటీ తీసి, మళ్లీ లోపలికి వెళ్లాడు" అని రాశారు. మూడు వేళ్లు పోయిన మనిషి తన చీటీ తనే తీసి లోపలికి వెళ్లాడట! సంతకం పెట్టమంటే కుడిచేత్తో పెట్టాను. అది బాగానే ఉంది కదా.

ఒకటి అడుగుతాను. ఆ పిల్ల కామెంటు మూసినవాడు ఎవడు? ఏ రూలు చూసి మూశాడు? ఏ ఫ్యాక్టరీలోనైనా ప్రమాదం జరిగాక అడిగే మొదటి ప్రశ్న అదే. ఎవడో రూలు రాసి ఉంటాడు, రాసినదానికి సంతకం ఉంటుంది. ఆ దేవీప్రసాదే రాసి ఉంటాడు. ముందు ఆ కాగితం పట్టుకో. తెర మీద వంద కామెంట్లు పెట్టించడం బాగానే ఉంటుంది గానీ, వాడి సంతకం ఉన్న ఒక్క కాగితం దానికంటే గట్టిగా తగులుతుంది. దాన్ని పెద్దగా అచ్చువేయించి వాడి మొహం మీద పెట్టు.

మీ వదిన నీ పనికోసం ఉపవాసం పెట్టింది. పగకోసం ఉపవాసం ఏమిటని అడిగితే ఆ పూట నాకూ అన్నం పెట్టలేదు.

అన్నయ్య,
దయానందం

*

సీతమ్మధార
సెప్టెంబరు 2

అన్నయ్యా,

కాగితం పట్టుకున్నాను.

ప్రతి ఏజెంటూ తను చేసిన ప్రతి పనికీ కారణం ఒక చిట్టాలో రాసి పెడుతుంది. ఆ చిట్టా అందరికీ తెరిచే ఉంటుంది. దేవీప్రసాద్ రిపోర్టు రాసేముందు దాన్ని తెరవలేదు. తెరిస్తే చదవాల్సి వస్తుంది కదా. నీ ఉత్తరం వచ్చిన మధ్యాహ్నం నేను తెరిచాను. మధులత కామెంటు మూసింది మధులత కాదు, ఏజెంటు. జూలై 21, సాయంత్రం నాలుగూ పది. అది చేసిన సవరణ ఏమిటో తెలుసా? "లాకులు చూశాం" అని రికార్డులో రాసే వరుస ఒకటి చేర్చింది. చూసే వరుస చేర్చలేదు! మన ప్రభుత్వ ఆఫీసుల్లో పెరిగినదానిలా ఉంది. ఆ తర్వాత కామెంటు మూసి, కారణం రాసింది:

"పని పూర్తయింది. మాన్యువల్, మూడో అధ్యాయం, పదిహేడో వరుస: పని పూర్తి చేసినవారే కామెంటు మూయాలి."

అది దేవీప్రసాద్ రాయలేదు అన్నయ్యా. జూన్ 23న నేను రాశాను. నువ్వు ఇచ్చిన వాక్యం. చీటీ అన్నచోట కామెంటు అని మార్చి, ఒక రోజంతా దాన్ని చూసుకుని మురిసిపోయాను.

నీ మీద నాకు ఎంత కోపం వచ్చిందో రాయలేను. పద్ధతి చెప్పమంటే సగం చెప్పి తలుపు వేసుకున్నావు. నీ వేళ్ల గురించి అడుగుతున్నానని నీ అంతట నువ్వే అనుకుని, ఒక్క వాక్యం విసిరేశావు, భిక్షం వేసినట్టు. ఇంకో వాక్యం రాస్తే నీ సొమ్మేం పోయేది? సూరన్న తుంటి మీద నీ వాక్యం ఉంది, నా చేతిరాతలో.

సరే. నేనేం చేయబోతున్నానో చెబుతాను. ఆ వరుస తీసేస్తాను. చిట్టాలోంచీ తీసేయగలను, మాన్యువల్ రాసేవాళ్లకు ఆ తాళం ఇచ్చారు. ఎవరూ చూడలేదు, ఎవరూ చూడరు. ఏజెంటు తనంతట తానే మూసిందని చెప్పి మధులతను బయటపడేస్తాను. పన్నెండో తారీఖు కార్యక్రమం మాత్రం ఆగదు. పదిహేడో వరుస నాదే, కానీ దాన్ని ఆమోదించింది దేవీప్రసాద్. నలభై ఒక్క పేజీల అధ్యాయం పదకొండు సెకన్లలో ఆమోదించాడు, అదీ చిట్టాలో ఉంది. పదకొండు సెకన్లలో పేజీలు లెక్కపెట్టడం కూడా కుదరదు. అలాంటివాడు ఒక ఆడపిల్ల బతుకు మీద నాలుగు వాక్యాలు రాశాడు. వాడిని వదలను. నేను శుభ్రంగా ఉండి కొడితేనే దెబ్బ తగులుతుంది. పోరాటంలో ముందు మనం నిలబడి ఉండాలి. నువ్వు ఒప్పుకోకపోయినా ఇది రాజకీయం.

జవాబు అక్కర్లేదు.

కృ.

*

పారాదీప్
సెప్టెంబరు 6

కృపా,

వందనాలు రాయడం లేదు. ఈసారి నువ్వు గెలిచావు.

తప్పు నాదే, సగం చెప్పాను. మిగతా సగం ఇది. మిల్లులో పనిలోకి దిగేవాడే చీటీ తగిలిస్తాడు. తన ప్రాణం లోపల ఉంది కాబట్టి తన పేరు బయట వేలాడదీస్తాడు. అందుకే పని పూర్తి చేసినవాడు తీయాలన్నా, తగిలించినవాడు తీయాలన్నా మాకు ఒకటే. ఒకడే మనిషి. మీ దగ్గర తగిలించేది ఆ పిల్ల, పని చేసేది ఆ యంత్రం. ఇద్దరు. ఆ తేడా నువ్వు చూడలేదు, నేను చెప్పలేదు. ప్యానెల్ రూములో సింహాద్రికి చెబితే ఒక్క నిమిషంలో పట్టుకున్నాడు: "అదేటి బావా, ఆయమ్మ తగిలిత్తే ఆడెవుడు తియ్యడానికి?" మన ఇద్దరి చదువులూ కలిపినా అది తట్టలేదు.

ఇప్పుడు నీకు ఎన్నడూ చెప్పనిది చెబుతాను. నువ్వు అనుకుంటావు, అందరూ అనుకుంటారు, నాకు కోపం పోయిన వేళ్ల గురించని. కాదు. మిల్లులో షిఫ్టు పుస్తకం ఉండేది. ఆ ఉదయం "చీటీ తగిలించాను, ద." అని నా చేత్తో రాశాను. ఆస్పత్రి నుంచి వచ్చి చూస్తే ఆ పేజీ లేదు. కొత్త పేజీ ఉంది, ఇంకొకరి చేతిరాతలో, శుభ్రంగా. పుస్తకం కుట్టు దగ్గర చిన్న చిరుగు ముక్క మిగిలింది. నేను ఇరవై రెండేళ్లుగా పగ పెట్టుకున్నది ఆ పేజీ చింపినవాడి మీద. స్విచ్చి వేసినవాడిని ఎప్పుడో క్షమించాను. వాడికి చెప్పారు, వేశాడు. చింపినవాడు నిలబడి, ఆలోచించి, చింపాడు. వాడు కూడా అనుకుని ఉంటాడు, ఎవరూ చూడలేదని.

నువ్వు చిట్టాలో వరుస తీసేస్తానని రాశావు. నాకు రాశావు! నాకు!

దేవీప్రసాద్‌ని కొట్టు. నేనూ వచ్చి కొడతాను, ఏడు వేళ్లు చాలు. కానీ ఆ పేజీ చింపావంటే ఇక నాకు ఉత్తరం రాయకు. ఈ మాట మీద నాకు వాదన లేదు.

దయానందం

*

సీతమ్మధార
సెప్టెంబరు 23

అన్నయ్యా,

నీ ఉత్తరం 11వ తారీఖు మధ్యాహ్నం అందింది. రెండు రోజులు నీ మీద మండిపడే తీరిక నాకు దొరకలేదు. అది నీ అదృష్టం.

చిట్టాలో ఏదీ తీయలేదు. పదిహేడో వరుస ఎలా ఉందో అలాగే ఉంది. 12 ఉదయం త్వరగా ఆఫీసుకు వెళ్లి, మా టూల్‌లోనే, నా పేరుతోనే, ఆ వరుస పక్కన కామెంటు పెట్టాను. మాటకు మాట రాస్తున్నాను, ఎక్కడా గొంతు పెంచలేదు, నువ్వు నమ్మవు గానీ:

"ఈ వాక్యం రాసింది నేను, కృపావతి, జూన్ 23న. ఇది తప్పు. దీన్ని పాటించి జూలై 21న ఏజెంటు మధులత పెట్టిన హెచ్చరికను మూసింది. ఆగస్టు 8న డ్రైవర్ సూరన్న తుంటి విరిగింది. మధులత దేన్నీ మూయలేదు. ఈ అధ్యాయాన్ని దేవీప్రసాద్ పదకొండు సెకన్లలో ఆమోదించారు, చిట్టా చూడకుండా ఆమె మీద రిపోర్టు రాశారు."

దాని కింద పద్దెనిమిదో వరుస కొత్తగా చేర్చాను. "పై వరుస చెల్లదు. కామెంటు రాసిన మనిషి తప్ప ఇంకెవరూ, ఏజెంటు గానీ అధికారి గానీ, దాన్ని మూయకూడదు. తెరిచి ఉన్న కామెంటు ప్రతి పేజీ పైన కనిపించాలి." దూర్చలేదు, దాచలేదు. అందరూ పంపినట్టే ఆమోదానికి పంపాను.

దేవీప్రసాద్ ఆమోదించాడు. తొమ్మిది గంటల నలభై నిమిషాలకు. ఈసారి తొమ్మిది సెకన్లు! అన్నయ్యా, ఆ తొమ్మిది సెకన్లూ నేను కుర్చీలోంచి కదల్లేదు. చదివి ఉంటే ఆగిపోయేది. ఒక్కసారి చదివి ఉంటే! నా వంద కామెంట్ల పగ దీని ముందు చిన్నపిల్లల ఆటలా అనిపించింది.

హోటల్లో జరిగింది నేను చూడలేదు. పిలవలేదు నన్ను. అక్కడ కంప్యూటర్లు సర్దిన మోహన్ చెప్పాడు. కొనడానికి వచ్చినవాళ్లలో రోజారమణి అని ఒకావిడ, ఓడ సరుకుల వ్యాపారం, యార్డులన్నీ తిరిగిన మనిషి. గంటసేపు రంగురంగుల బొమ్మలు చూసి, "ఇవన్నీ బాగున్నాయి గానీ పుస్తకం తెరవండి, చూద్దాం" అందట. తెరిచాడు. పేజీ పైన ఎర్రగా నా కామెంటు. ఆవిడ గట్టిగా చదివింది, సూరన్న తుంటిదాకా. "ఇది నిజమేనా ప్రసాద్ గారూ?" అంది. మనవాడు నవ్వి, అక్కడికక్కడే దాన్ని మూసేయమని ఏజెంటుకు ఆజ్ఞ ఇచ్చాడు. తెర మీద జవాబు వచ్చింది:

"రాసిన మనిషి తప్ప ఎవరూ మూయకూడదు. ఈ నియమాన్ని ఈ ఉదయం 9:40కి దేవీప్రసాద్ గారు ఆమోదించారు."

గదిలో ఎవరో దగ్గారట. మోహన్ అయితే తీగలు సర్దుతున్నట్టు బల్ల కిందికి దూరిపోయాడట. రోజారమణి తీరిగ్గా కళ్లజోడు తీసి, "మా యార్డులకు కావలసింది ఇలాంటిదే. కొంటాం. కాకపోతే ఆ రూలు తీసినా, ఆ కామెంటును ఇంకెవరు మూసినా కొనం. రాసినావిడే మూయాలి, సంగతి తేలాక" అని లేచిందట.

ఆ సాయంత్రమే నన్ను పంపేశారు. కారణం "నమ్మకద్రోహం". మెళ్లో ట్యాగు తీసుకున్నారు, తాళాలన్నీ తీసుకున్నారు. సరిగ్గా అక్కడ తప్పు చేశారు. మూయగలిగిన ఒకే ఒక్క మనిషిని గేటు బయట పెట్టారు. 13 నుంచి దేవీప్రసాద్ ఫోన్లు. మొదట బెదిరింపు, తర్వాత మర్యాద, తర్వాత వాళ్ల అమ్మగారి ఆరోగ్యం. నేను ఒకటే చెప్పాను: ముందు కొత్త రిపోర్టు. పాతది చింపకూడదు, అలాగే ఉండాలి, దాని మీద "ఇది అబద్ధం" అని వాడి సంతకం ఉండాలి. కొత్తదానికి చిట్టా జతచేయాలి, అందులో నా పేరు కూడా ఉండాలి. ఒక ప్రతి మధులతకు, ఒకటి సూరన్న ఇంటికి.

18న వచ్చాడు, ముద్ర వేసిన కాగితాలూ లాప్‌టాపూ పట్టుకుని. మధులతకు, సూరన్న భార్యకు అందాయని ఫోన్లు చేసి తెలుసుకున్నాకే తలుపు తీశాను. కుర్చీ వేశాను. టీ ఇవ్వలేదు. వాడు లాప్‌టాప్ తెరిచి నా వైపు తిప్పాడు. నేను మళ్లీ వాడి వైపు తిప్పాను.

"మూడో అధ్యాయం చదువు. మొదటి నుంచి. గట్టిగా."

"మేడమ్, ఫార్టీ వన్ పేజెస్..."

"పదకొండు సెకన్లే కదా."

చదివాడు. ముందు ఏసీ గదిలో మాట్లాడే గొంతుతో మొదలుపెట్టాడు. పదో పేజీకి ఆ గొంతు పోయింది. పదిహేనో పేజీ దగ్గర "ఇదేటి మేడమ్, ఇంతింత రాసీసేరు, ఎవుడు సదువుతాడు?" అన్నాడు. వీడిదీ మన వైపే అని మూడేళ్లలో మొదటిసారి తెలిసింది. "నువ్వు చదువుతావు" అన్నాను. నీళ్లు అడిగితే ఇచ్చాను. అంతవరకే నా మానవత్వం. వాడు ఒక్కో వాక్యం చదువుతుంటే నాకు కలిగిన సంతోషం గురించి వదినకు చెప్పకు, ఉపవాసం వృథా అయిందనుకుంటుంది.

ఇరవై తొమ్మిదో పేజీలో ఆగాడు. వేలు తెర మీద పెట్టి, రెండోసారి చదివాడు. "మేడమ్, కామెంటు రాసినోళ్లు ఉద్యోగం మానీస్తే ఏటవుద్దో ఇక్కడ రాయలేదు కదా? అప్పుడెవుడు మూస్తాడు?"

లాక్కుని చూశాను. నిజమే. రాయలేదు. ఆ అధ్యాయాన్ని నేను ఎన్నిసార్లు చదువుకున్నానో నీకు తెలుసు. రోజారమణి గానీ మధులత గానీ పట్టుకుని ఉంటే నాకు ఇంత మంట పుట్టేది కాదు. వీడు పట్టుకున్నాడు!

"కామెంటు పెట్టు" అన్నాను. "నీ పేరుతో."

పెట్టాడు. తర్వాత నెమ్మదిగా, "మరి మీది?" అన్నాడు. నేను మూయలేదు. సూరన్నను అడగమన్నాను. సూరన్న లేచి నడిచి, "నా కాళ్లతో నేను వచ్చాను, ఇక చాలు మూసేయండి" అన్న రోజున మూస్తానన్నాను. "డాక్టర్ ఆరు నెలలన్నారు మేడమ్" అన్నాడు. అయితే ఆరు నెలలు ఆగమన్నాను. ఆ ఆరు నెలలూ నాకూ ఉద్యోగం దొరకదు అన్నయ్యా. ఆ కామెంటులో మొదటి పేరు నాదే, ఈ ఊళ్లో సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లంతా చదివారు. ట్యూషన్లు చెబుతాను. లేదా మళ్లీ కరపత్రాలు.

సూరన్న దగ్గరికీ వెళ్లాను. ఆ వాక్యం రాసింది నేనేనని చెప్పాను. "నువ్వయినా వొచ్చి సెప్పినావు. కూకో" అన్నాడు. క్షమించానని అనలేదు. నేను అడగలేదు.

మధులతను మళ్లీ తీసుకున్నారు. ఆ తర్వాత రోజారమణి చేర్చిన షరతుల్లో అదొకటి. నిన్న సోమవారం చేరింది. ఇప్పుడు దేవీప్రసాద్ ఏం ఆమోదించినా ముందు అది చూడాలి. సాయంత్రం ఫోన్ చేసింది. మొదటి రోజే వాడి ఆమోదాల మీద పద్నాలుగు కామెంట్లు రాసిందట. వాడు దాని సీటు దగ్గరికే వచ్చి, నిలబడి, ఒక్కోదానికీ జవాబు చెప్పాడట.

"ఎన్ని మూశావే?" అని అడిగాను.

"ఒక్కటీ ముయ్యలేదు మేడమ్" అంది.

నీ చెల్లెలు,
కృప